కెమెరాకి పెట్టిన బొట్టు

ఆవిణ్ని నేను అంతకు ముందెప్పుడూ కలవలేదు. కానీ షాపు మెట్టెక్కుతుండగానే తెలిసిన మొహంలా అనిపించింది. ఎక్కడ చూశానో తట్టలేదు, దాంతో చిరాకొచ్చింది. “మా భవానికి చిరాకు రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు” అంటాడు మా ఆయన రమేష్‌బాబు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా ఫోటో స్టూడియో. ఆయన పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరుగుతాడు, షాపులో కూచుని జనంతో వాదించే పని నాది.

ఆవిడ సంచిలోంచి ఒక మూట తీసి బల్ల మీద పెట్టింది. పాత తువ్వాలు విప్పితే లోపల రీలు కెమెరా. తొంభైల నాటిది, తనంతట తానే ఫోకస్ చేసుకునే రకం. కుడిచెయ్యి పట్టు దగ్గర రబ్బరు అరిగిపోయి తెల్లబడింది. ఆ అరుగు చూడగానే నాకు మనిషి గుర్తొచ్చాడు.

“ఇది అసిరయ్యన్నది కదూ?” అన్నాను.

“అవునమ్మా. నాను ఆయన ఇంటిదాన్ని. అప్పలనరసమ్మ నా పేరు.”

అసిరయ్య రామతీర్థం కొండ దగ్గర యాత్రికులకి ఫోటోలు తీసేవాడు. రీలు అయిపోగానే బస్సెక్కి మా దగ్గరికి తెచ్చేవాడు. అప్పట్లో మా వెనక గదిలో రంగుల ప్రింట్లు తీసే మిషను ఉండేది. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. మేం ఆ మిషన్ని పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేశాం. అసిరయ్య కెమెరా ఇంట్లో పెట్టి, పెళ్లాం కొబ్బరికాయల కొట్లో పక్కన కూచున్నాడు. పోయినేడు శివరాత్రి వెళ్లాక గుండె ఆగి పోయాడని ఎవరో చెబితే విన్నాను.

ఈవిడ మొహం ఎలా తెలుసో అప్పుడు బోధపడింది. ఈ రకం కెమెరా సరిగ్గా నడిమధ్యన ఏముందో దాన్నే చూసి ఫోకస్ చేస్తుంది. ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి తీస్తే నడిమధ్యన ఉండేది సందు. ఆ సందులోంచి వెనక్కి పోయి, అక్కడ ఏది ఉంటే దాన్ని పట్టుకుంటుంది. అసిరయ్య తెచ్చిన ప్రతి రీల్లోనూ ఒకటో రెండో అలాంటి ఫోటోలుండేవి. కొండకొచ్చిన మొగుడూ పెళ్లాలు మసగ్గా అలుక్కుపోయి ఉంటారు, వాళ్ల మధ్యలోంచి వెనకాల కొబ్బరికాయల కొట్లో కూచున్న ఆడమనిషి ముక్కుపుడకతో సహా కనిపిస్తుంది. ఆ ఆడమనిషి ఈవిడే.

నేను ఆయన్ని ఎన్నిసార్లు దులిపేశానో లెక్కలేదు. “ముందు ఒకళ్ల మొహం మీద పెట్టి మీట సగం నొక్కి పట్టుకో అన్నా. ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు కెమెరా పక్కకి తిప్పుకుని పూర్తిగా నొక్కు” అనేదాన్ని. “అలాగే సెల్లీ, ఈపాలి సూసుకుంతాను” అనేవాడు. మళ్లీ రీలు తెస్తే మళ్లీ అదే. పాడైన ప్రింట్లు నేను చెత్తబుట్టలో వెయ్యబోతే మాత్రం “పారీకు, ఇలాగియ్యి” అని కవర్లో పెట్టుకుని పట్టుకుపోయేవాడు. పిసినారి మనిషి అనుకునేదాన్ని.

“మా గుంటకి పెళ్లి కుదిరినాది. హైమ దాని పేరు” అంది అప్పలనరసమ్మ. “మీ ఆయన్నే పోటోలకి రమ్మన్నాం. పెళ్లికి తండ్రి నేడు గదమ్మా. తండ్రి కెమెరా అయినా ఉండాల. దీంతోటి ఒక్క పోటోవైనా తియ్యాల.”

“రీళ్లిప్పుడు ఇక్కడ దొరకవు వదినా. వైజాగు నుంచి తెప్పించాలి, మళ్లీ కడగడానికి వైజాగే పంపాలి. మా ఆయన కొత్త కెమెరాతో ఎన్ని కావాలంటే అన్ని తీస్తాడు కదా.”

“అయ్యీ తియ్యండి. ఇదీ తియ్యండి.”

ఆ మాట మీదే నిలబడింది. సరే, దీనికేమైందని అడిగాను. ఆవిడ తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

“దసరాకి ఏటేటా ఆయనే దీనికి బొట్టెట్టి పూజ సేసీవోడు. మొన్న దసరాకి నాను సేసినాను. దీపావళికి మా ఆడబొడుసు జగ్గమ్మ కొడుకు పోటో తీద్దారని పడితే పన్సెయ్యనేదు. గుర్రుగుర్రుమంతాది తప్ప తియ్యదు. బొట్టు నేని మనిసివి నువ్వు బొట్టెడితే ఇంకేటి పన్సేస్తాది అన్నాది మా జగ్గమ్మ. ఊరందరి ముందరా అన్నాది. పెళ్లి పనుల్లో ఏటి ముట్టుకోబోయినా అదే మాట.” ఆవిడ నా మొహంలోకి చూసింది. “నువ్వు సూసి నిజం సెప్పమ్మా. నా సెయ్యి తగిలే పోనాదేటి?”

“మీ జగ్గమ్మకి బుద్ధి లేదు” అన్నాను. మనిషిని చూడకుండానే తిట్టెయ్యడం నాకు అలవాటు. “మిషన్లకి పునిస్త్రీలూ కానివాళ్లూ అని తెలీదు. ఏ బ్యాటరీయో అయిపోయుంటుంది. వారంలో రా, నడిపించి చూపిస్తాను.”

అంత ధీమాగా చెప్పి పంపేశాను.

బ్యాటరీ కొత్తది వేశాను. మీట సగం నొక్కితే లెన్సు జుర్రుమని ముందుకెళ్లింది, జుర్రుమని వెనక్కొచ్చింది, మళ్లీ ముందుకెళ్లింది. ఎక్కడా ఆగదు. తెల్ల గోడ మీద పెట్టి చూస్తే ఏ కెమెరా అయినా అలాగే తడుముకుంటుంది, పట్టుకోవడానికి గీత ఉండదు కాబట్టి. అందుకని ఎదురుగా కిరాణా కొట్టు బోర్డు మీద అక్షరాలకేసి పెట్టాను. అయినా అంతే. లెన్సు పాడైందేమోనని మా దగ్గరున్న అదే రకం పాత లెన్సు తగిలించాను. అదీ ఆగలేదు. అంటే జబ్బు లెన్సుది కాదు, లెన్సు వచ్చి కూచునే చోటిది.

లెన్సు విప్పి దీపం కింద పెట్టి చూశాను. లెన్సూ కెమెరా మాట్లాడుకునేది అక్కడ వరసగా ఉండే బంగారు రంగు బుడిపెల ద్వారా. వాటి మీద ఎర్రటి పెచ్చు కట్టి ఉంది. తుప్పు కాదు. గోటితో గీకి వాసన చూశాను. కొబ్బరినూనె, కుంకుమ.

దసరా పూజ గుర్తొచ్చింది. అయినా పని ఆపలేదు. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కో బుడిపెనీ తుడిచి లెన్సు పెట్టాను. ఈసారి కొట్టు బోర్డు మీద టక్కున ఆగింది. ఫోకస్ బాగుపడింది.

ఇక షట్టర్. వెనక తలుపు తెరిచి, కెమెరాని ట్యూబ్‌లైట్‌కేసి పట్టుకుని నొక్కాను. షట్టర్ అంటే పల్చటి రేకులు. తెరుచుకుని మూసుకుంటాయి, ఆ రెప్పపాటులో వెలుగు ఒక్కసారి మెరిసినట్టు కనబడాలి. చప్పుడైతే వచ్చింది గానీ వెలుగు కనబడలేదు. రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి తెరుచుకోవడం లేదు. వాటి నడిమధ్యన, ఉంగరం వేలు అద్దినంత, బొట్టు. నూనె చుట్టూ పాకి రేకుల సందుల్లోకి దిగిపోయింది.

ఆ వేలిముద్ర గీతలు కూడా కనిపిస్తున్నాయి. నేను కెమెరా బల్ల మీద పెట్టేశాను.

జగ్గమ్మ అన్నది అక్షరాలా నిజమైపోయింది. అప్పలనరసమ్మ చెయ్యి తగిలే ఇది ఆగింది. నాకు మొదట కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీదు. లోకంలో ఇంత అబద్ధం మాట ఇంత నిజంగా ఎలా ఉంటుంది?

“తేమ పట్టిందని చెప్పెయ్యి” అన్నాడు రమేష్‌బాబు, అన్నం తింటూ. “పాత సామాను. మొన్నంతా వానలు. ఎవరేటి అడుగుతారు?”

ఆయన చెప్పింది బాగానే ఉంది. కానీ ఆవిడ నన్ను నిజం చెప్పమంది. తేమ అంటే పైకి తలూపుతుంది, లోపల మాత్రం జగ్గమ్మ మాటే ఉండిపోతుంది. రేపు పెళ్లిలో పసుపు గిన్నె ముట్టుకోబోయినప్పుడల్లా ఆ మాటే చెవిలో వినబడుతుంది. పోనీ నిజం చెబుదామంటే, నేనే వెళ్లి జగ్గమ్మ పక్కన నిలబడినట్టు. నాలుగు రోజులు నా బుర్ర కూడా ఆ లెన్సులాగే ముందుకీ వెనక్కీ తిరిగింది, ఎక్కడా ఆగలేదు. ఈ లోపు చేతులు మాత్రం పని చేశాయి. సిగరెట్ లైటర్లలో పోసే పెట్రోలు దూదికి చెమ్మగా తగిలించి, రేకుల మీద నొక్కకుండా అద్దడం, షట్టర్ కొట్టడం, పైకొచ్చిన నూనె తుడవడం, మళ్లీ అద్దడం. ఆ రేకులు ఉల్లిపొర కంటే గట్టివేం కాదు. వేలి ముద్ర పోతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టే అనిపించింది.

అప్పలనరసమ్మ చెప్పిన రోజుకే వచ్చింది. నేను కెమెరా పైకి తియ్యకుండా, దసరా నాడు ఏం చేశావో వరసగా చెప్పమన్నాను.

“ఏటుంది. తుడిసినాను. ఆయన పైన ఒక్క బొట్టే ఎట్టీవోడు, గంధం తడిపి. నాకు మనసొప్పలేదు. ఆయన నేడు కదా, లోపల్లోపల కూడా సల్లగుండాలనుకున్నాను. ముందరి అద్దం తిప్పితే ఊడొచ్చీసింది, అక్కడో బొట్టెట్టినాను. ఎనకాల తలుపు తీసి మద్దినో బొట్టెట్టినాను. నీళ్లు తగిలితే మిసిన్లు పాడయిపోతాయంతారు గదా, అందుకని కుంకంలో నూనె కలిపినాను. కుట్టు మిసినికి నూనెయ్యరేటి?”

కుట్టు మిషనికి నూనె వెయ్యరా! ఆవిడ జాగ్రత్తే పడింది. నీళ్లు తగలనివ్వలేదు. ఇంత జాగ్రత్తపడింది కాబట్టే ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, ఆ రెండూ కుదరక కోపమొచ్చింది. కోపంలో నాకు తెలివితేటలు బాగా పనిచేస్తాయి.

బీరువా తెరిచి మా ఆయన పాత రీలు కెమెరా తీశాను. పెళ్లైన కొత్తలో ఆయన నన్ను దగ్గరికి రానిచ్చేవాడేమో గానీ, దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. వెనక తలుపు తీసి ట్యూబ్‌లైట్‌కేసి పట్టుకున్నాను.

“చూడొదినా. నొక్కుతున్నాను. వెలుగు వస్తోందా?”

“వస్తంది.”

“నా మొహం చూడు. బొట్టుందా?”

“మా రాజ్జెంగా ఉన్నాది.”

“మెడలో పుస్తెలున్నాయా? మా ఆయన అదిగో, అక్కడ కూచుని పకోడీలు తింటున్నాడా?”

రమేష్‌బాబు పకోడీ నోటి దగ్గర ఆపి చూశాడు. నేను దేవుడి పటం దగ్గరున్న కుంకుమలో కొబ్బరినూనె కలిపి, ఉంగరం వేలితో ఆ షట్టర్ నడిమధ్యన ఇంత బొట్టు పెట్టాను. ఆయన “ఒసే ఒసే ఒసే” అంటూ లేచాడు. ఈలోగా నేను టపటపా నొక్కేశాను. మొదట వెలుగు వచ్చింది. తర్వాత సగం వచ్చింది. ఆ తర్వాత నొక్కితే చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఆగిపోనాది” అంది అప్పలనరసమ్మ మెల్లిగా.

“ఆగిపోయింది. ఇది నా చెయ్యి. ఇప్పుడు చెప్పు, చేతిదా నూనెదా?”

ఆవిడ ఆ కెమెరాకేసి, నా మొహాన బొట్టుకేసి, మార్చి మార్చి చూసింది. “అయితే మా ఆయన నూనెతోటి ఎట్టినా…”

“ఆగిపోయేది. నీ కెమెరా ఆపింది నువ్వే వదినా, అబద్ధం చెప్పను. కానీ నీ బొట్టు లేకపోవడం వల్ల కాదు. కొబ్బరినూనె వల్ల.”

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని బల్ల మీదకి వంగిపోయి ఏడ్చింది. దసరా నుంచీ దాచుకున్న ఏడుపు. మా ఆయన తన కెమెరా గురించి అనవలసిందేదో మింగేసి, ఆవిడకి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆ ఒక్క పనికి ఆయన్ని ఏడాది పాటు తిట్టకూడదనుకున్నాను. సాయంత్రం దాకా నిలబెట్టుకున్నాను.

పెళ్లి రామతీర్థంలోనే, పొద్దుటి ముహూర్తం. వాళ్లింటి ముందు వీధికి అడ్డంగా పందిరి. మా ఆయన కొత్త కెమెరాతో ముందు నిలబడ్డాడు. అసిరయ్య కెమెరా నా మెళ్లో వేసుకుని నేనూ వెళ్లాను. వైజాగు నుంచి తెప్పించిన రెండు రీళ్లలో రెండోది అందులో ఉంది. మొదటిది ముందే తీసి, కడిగించి చూసుకున్నాను. ఎక్కడా తేడా లేదు. ఇద్దరి మధ్య సందు వచ్చినచోట మీట సగం నొక్కి పట్టుకుంటే, ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు ఫోకస్ బుద్ధిగా ఆగింది. మరి అసిరయ్య చేతిలో ఎందుకు ఆగలేదో అని ఒక్క క్షణం అనిపించింది, పనిలో పడి మర్చిపోయాను.

కన్యాదానానికి పీటల మీద జగ్గమ్మా, ఆవిడ మొగుడూ కూచున్నారు. పట్టుచీర, చేతి నిండా గాజులు, అందరికీ ఆజ్ఞలు. తల్లి కోసం చూస్తే ఎక్కడా లేదు. వంటల వేపు వెళ్తే, పందిరి చివర రాటని పట్టుకుని నిలబడి ఉంది.

“ఇక్కడేటి చేస్తున్నావు? కెమెరా సంగతి తేలిపోయింది కదా! ముందుకి రా.”

“కెమెరా సంగతి ఏరమ్మా. పెళ్లి సంగతి ఏరు. నా మూలాన్ని గుంటకి రేపేదైనా అయితే నాను పడగలనా? ఇక్కణ్నించి బాగానే అవుపిస్తంది.”

ఒక కెమెరాకి నూనె పూసి చూపించినంత తేలిక కాదు ఇది. దీన్ని దేంట్లో ముంచి తుడవాలో నాకు తెలీలేదు. గట్టిగా అరవాలనిపించింది. ఆడపిల్ల పెళ్లిలో అరిచి ఆ తల్లికి నేను ఒరగబెట్టేది లేదని నోరు మూసుకుని వచ్చేశాను. నోరు మూసుకోవడం నాకు ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

తలంబ్రాల వేళకి హైమా, పెళ్లికొడుకూ ఎదురెదురుగా కూచున్నారు. జనం కేకలు, నవ్వులు. హైమ దోసిట్లో బియ్యం పట్టుకుని కూడా మనుషుల వెనకాల ఎవరినో వెతుకుతోంది. నేను కెమెరా కంటికి పెట్టుకున్నాను. ఇద్దరి తలలూ చెరోవేపు, మధ్యలో సందు. హైమ మొహం మీద పెట్టి సగం నొక్కి పట్టుకోవాలి. అసిరయ్యకి ఇన్నేళ్లు చెప్పిందే. నేను అలా చెయ్యలేదు. కెమెరాని నడిమధ్యకే పెట్టి వదిలేశాను. లెన్సు జుర్రుమని తిరిగి, పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ దాటి, పందిరి చివరికంటా వెళ్లి ఆగింది. రాటకి చెంప ఆనించుకుని అప్పలనరసమ్మ. కూతురి చేతిలో తలంబ్రాలు చూస్తూ, తనకి తెలీకుండానే తనూ దోసిలి పట్టి ఉంది.

నొక్కాను. అది కెమెరా పొరపాటని ఎవరికీ చెప్పను. నేనే నొక్కాను.

వైజాగు నుంచి ప్రింట్లు వచ్చాయని కబురు పెడితే, అప్పలనరసమ్మ జగ్గమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. ప్రింట్లన్నీ బల్ల మీద పరిచాను. జగ్గమ్మ తను పీటల మీద కూచున్నవన్నీ ఏరుకుంది. ఆఖరికి ఆ ఫోటో చేతికొచ్చింది.

“ఇదేటిది? పిల్లా పిల్లడూ మసగ్గా ఉన్నారు. తలంబ్రాల పోటో! ఈ రీల్లో ఉన్నదొక్కటీ పాడుసేసీసినారు. నాను ముందే సెప్పినానా, ఆ కెమెరా…”

నేను నోరు తెరిచాను. ఈసారి మూసుకునే ఉద్దేశం లేదు. కానీ అప్పలనరసమ్మ అప్పటికే జగ్గమ్మ చేతిలోంచి ఫోటో తీసుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది. మసగ్గా ఉన్న ఇద్దరి మధ్యలో తనని చూసుకుంది. ఏడవలేదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగిపోయింది.

“ఇలాటియ్యి మా ఇంటికాడ పెట్టెలో సానా ఉన్నాయి” అంది.

“ఎలాటివి?”

“ఇయ్యే. ముందరోలు మసగ్గా ఉంతారు, ఎనకాల కొట్లో నానుంతాను. నీకాణ్నించే తెచ్చీవోడు కదా. పాడయిపోనాయే, ఎవులూ కొనరు, నువ్వుంచుకో అనీవోడు. ఒక్క పోటో తియ్యవయ్యా నన్ను అంటే రీలు దండగ అనీవోడు. ఇన్నేసి రీళ్లు పాడుసేస్తావు, నీకు పని సేతకాదేటి అని తిట్టీదాన్ని. నవ్వీవోడు.”

నేనూ తిట్టాను. నాకూ నవ్వే చూపించాడు. “అలాగే సెల్లీ” అన్నాడు.

అప్పలనరసమ్మ ఫోటో కిందకి దించలేదు. దాని మీద నుంచి నన్ను చూసింది. మొన్న కెమెరా తెచ్చిన రోజు, నిజం చెప్పమని అడిగినప్పుడు చూసినట్టే చూసింది.

“భవానమ్మా, అయి పాడయిపోనయ్యి కావేటి?”

“కావొదినా” అన్నాను.

ఆవిడ ఆ ఫోటోని తువ్వాల్లో పెట్టి, మడత మీద మడత వేసి, సంచిలో అడుక్కి దాచుకుంది. మిగతావన్నీ జగ్గమ్మని పట్టుకురమ్మంది.